పైన తీగ... వెనక లెక్క!

వేసవి సాయంత్రం. ఏడున్నర అయింది. ఇంట్లో ఏసీ వేశారు. ట్యూబ్‌లైటు ఒక్క క్షణం మిణుక్కుమని మళ్లీ తేరుకుంది. అదే వీధి చివరింట్లో అయితే ఆ మిణుకు ఇంకాస్త ఎక్కువ. ఊరవతల పొలంలో, లైనుకు ఆఖరున ఉన్న రైతు మోటారు సంగతి చెప్పనే అక్కర్లేదు. మూలుగుతుంది, వేడెక్కుతుంది, ఒక్కోసారి కాలిపోతుంది కూడా. ‘లో ఓల్టేజీ’ అన్న మాట తెలియని ఇల్లు నెల్లూరు సీమలో లేదు.

ఇప్పుడు ఇంకో మాట. నెల్లూరు స్టేషన్లో ఆగి బయల్దేరే ఎక్స్‌ప్రెస్ రైలుకు ముందు తెల్లటి ఇంజిను ఒకటి కనిపిస్తుంది. పేరు వ్యాప్-7. దాని శక్తి 6350 హార్స్‌పవర్. అంటే దాదాపు 4,700 కిలోవాట్లు. ఇంటికి రెండు కిలోవాట్ల చొప్పున లెక్కేసినా... సుమారు 2,300 ఇళ్లు ఒకేసారి వాడేంత కరెంటు! ఓ పెద్ద పల్లెటూరు మొత్తం ఒక్క ఇంజిన్లో కూర్చున్నట్టు.

అసలు చిక్కు అది కాదు. పల్లెటూరు ఉన్నచోటే ఉంటుంది. దాని ట్రాన్స్‌ఫార్మర్ ఎక్కడ పెట్టాలో ఒకసారి చూసి పెట్టేస్తే చాలు. ఈ ఊరు మాత్రం గంటకు 130 కిలోమీటర్ల వేగంతో పరిగెడుతుంది. సెకనుకు 36 మీటర్లు. ఇప్పుడు పడుగుపాడు, మరి కాసేపట్లో బిట్రగుంట, ఇంకాసేపటికి కావలి. దాని వెనకే ఇంకో ఊరు, ఎదురుగా మరో ఊరు. అన్నిటికీ ఆధారం ఒక్కటే... నెత్తిమీద వేలాడే, మన చిటికెన వేలంత లావు రాగి తీగ.

ఆ తీగ ఎంత భారం మోయగలదో, ఎక్కడ నీరసపడుతుందో, రైళ్లు ఎక్కకముందే తెలుసుకోవడం ఎలా? దానికి ఓ శాస్త్రం ఉంది. రైల్వే కరెంటు వ్యవస్థకు కంప్యూటర్లో అచ్చు నమూనా కట్టి, అందులో ఉత్తుత్తి రైళ్లు నడిపి చూడటం. ఇంజినీర్లు దాన్ని ‘సిమ్యులేషన్’ అంటారు. ప్రయాణికులకు దాని పేరు తెలియదు. దాని ఫలితం మాత్రం రోజూ అనుభవిస్తారు.

ఆవిరి ఊరు నుంచి...

విజయవాడ నుంచి చెన్నైకి కోస్తా వెంబడి రైలు మార్గం కలిసింది 1899లో. అప్పట్లో ఇంజిను తన కరెంటు... అదే, తన శక్తి... తానే మోసుకెళ్లేది. బొగ్గు వెనక, నీళ్లు పక్కన. బిట్రగుంట ఊరు ఆ ఆవిరి ఇంజిన్ల మీదే బతికింది. పెద్ద లోకోషెడ్డు, చుట్టూ క్వార్టర్లు, షిఫ్టు కూతలు. ఆ తరం వాళ్లను కదిపితే ఇప్పటికీ బొగ్గు వాసన కబుర్లే చెబుతారు. ఆవిరి ఇంజిన్లో ఒక సుఖం ఉంది. ఒక ఇంజిను మొరాయిస్తే ఒక రైలే ఆగుతుంది.

మన దేశంలో తొలి కరెంటు రైలు 1925 ఫిబ్రవరి 3న బొంబాయిలో నడిచింది. అది 1500 వోల్టుల డీసీ. తక్కువ వోల్టేజీ కాబట్టి కొద్ది దూరానికో సబ్‌స్టేషన్ కావాలి. ఊళ్లో లోకల్ రైళ్లకు సరే, వందల కిలోమీటర్ల దూరానికి ఖర్చు తడిసి మోపెడవుతుంది. అందుకే ఫ్రాన్స్ రైల్వే సలహాతో 1957లో 25 వేల వోల్టుల ఏసీకి మొగ్గారు. ముంబయి లోకల్ మార్గాలు కూడా 2016 నాటికి పూర్తిగా ఆ దారికే వచ్చాయి. విజయవాడ-గూడూరు-చెన్నై మార్గంలో తీగలు పడింది 1980 ప్రాంతంలో. ఆ తర్వాత బిట్రగుంట ఆవిరి చరిత్రలో కలిసింది.

దాంతో ఓ సౌకర్యం వచ్చింది, ఓ బాధ్యతా వచ్చింది. రైళ్లన్నీ ఒకే తీగకు అతుక్కున్నాయి. తీగకేమైనా అయితే ఆగేది ఒక రైలు కాదు, వరస మొత్తం. ఉమ్మడి కుటుంబం లాంటిది. పొయ్యి ఒక్కటే, తినేవాళ్లు పదిమంది.

శివారు రైలు కష్టాలు

ఆ పొయ్యి ఎలా పనిచేస్తుందో ముందు చూడాలి. ట్రాన్స్‌కో వారి 132 కిలోవోల్టుల లైను నుంచి రైల్వే సబ్‌స్టేషన్‌కు కరెంటు వస్తుంది. అక్కడ దాన్ని 25 కిలోవోల్టులకు దించి తీగలోకి పంపుతారు. ఇంజిను నెత్తిన ఉండే పాంటోగ్రాఫ్ ఆ తీగను రాసుకుంటూ కరెంటు తీసుకుంటుంది. వాడుకున్నాక చక్రాల ద్వారా పట్టాల్లోకి, నేలలోకి వదిలేస్తుంది. అలా తిరిగి సబ్‌స్టేషన్ చేరుతుంది. ఇలాంటి సబ్‌స్టేషన్లు రద్దీ మార్గాల్లో సాధారణంగా 35 నుంచి 50 కిలోమీటర్లకు ఒకటి ఉంటాయి.

రెండు సబ్‌స్టేషన్ల మధ్య తీగ మొత్తం కలిసి ఉంటుందనుకుంటే పొరపాటే. కరెంటు మూడు ఫేజుల్లో వస్తుంది, రైలుకు కావాల్సింది ఒక్కటే. ఎప్పుడూ అవే ఫేజుల మీద భారం వేస్తే గ్రిడ్ ఒక పక్కకు ఒరిగిన కావడిలా తయారవుతుంది. అందుకే ఒక సబ్‌స్టేషన్‌కు ఒక ఫేజుల జత, పక్కదానికి మరో జత. రెంటికీ చుక్కెదురు కాబట్టి మధ్యలో కరెంటు లేని చిన్న ముక్క పెడతారు. దాన్ని న్యూట్రల్ సెక్షన్ అంటారు. 500 మీటర్ల ముందొక బోర్డు, 250 మీటర్ల ముందొక బోర్డు హెచ్చరిస్తాయి. లోకో పైలట్ బ్రేకరు తెరిచి, ఆ ముక్కను ఊపు మీదే దాటించి, మళ్లీ మూస్తాడు. ఇంజిను నుంచే పెట్టెలకు కరెంటు అందే రైళ్లలో ఏసీ హోరు కాసేపు ఆగి మళ్లీ మొదలవడానికి ఒక కారణం ఇదే.

ఇక అసలు కష్టం. పెన్నా ఆయకట్టు రైతుకు చెప్పకుండానే అర్థమవుతుంది. కాలువ మొదట్లో ఉన్నవాళ్లకు నిండా నీళ్లు. శివారు భూములకు చేరేసరికి జానెడు. పైన ఉన్న నలుగురూ ఒకేసారి తూములెత్తితే శివారుకు అదీ లేదు. తీగలో వోల్టేజీ కూడా అంతే. సబ్‌స్టేషన్ దగ్గర 27 కిలోవోల్టులు ఉందనుకుందాం. ముప్పై కిలోమీటర్ల అవతల ఒక బరువైన గూడ్సు లాగుతుంటే రెండు కిలోవోల్టులు పడిపోయిందనుకుందాం. అక్కడ మిగిలింది 25. అదే చోట ఇంకో గూడ్సు కూడా లాగితే 23 కంటే కిందికి. మూడోది కూడా చేరితే 21కి కిందికి!

ఈ ‘కంటే కిందికి’లోనే తిరకాసు ఉంది. ఇంజిను మొండిది. దానికి కావలసింది శక్తి. వోల్టేజీ తగ్గితే ఆ లోటు పూడ్చుకోవడానికి మరింత కరెంటు గుంజుతుంది. ఎక్కువ గుంజితే వోల్టేజీ ఇంకా పడుతుంది. పడితే ఇంకా గుంజుతుంది. అప్పు తీర్చడానికి అప్పు చేసినట్టు! అందుకే ఒక గీత గీశారు. 25 కిలోవోల్టుల వ్యవస్థకు ఐరోపా ప్రమాణాల ప్రకారం 19 కిలోవోల్టులు మామూలు కనిష్ఠం. కొద్దిసేపటికి మాత్రమే 17.5 వరకు ఒప్పుకొంటారు. పైన హద్దు 27.5, కొద్దిసేపటికి 29. నేటి ఇంజిన్లు వోల్టేజీ బాగా తగ్గితే తమంతట తామే శక్తి తగ్గించుకుంటాయి. కాలిపోవడం తప్పుతుంది. కానీ రైలు నెమ్మదిస్తుంది, దాని వెనక రైలు ఆగుతుంది, స్టేషన్లో ‘చింతిస్తున్నాము’ అన్న ప్రకటన మొదలవుతుంది.

ఉత్తుత్తి రైలు... ఉన్న లెక్క

మరి సబ్‌స్టేషన్ ఎక్కడ కట్టాలి? ఎంత పెద్దది కట్టాలి? దగ్గర దగ్గరగా కట్టేస్తే వోల్టేజీ బెంగ ఉండదు. కానీ ఒక్కోదానికి స్థలం, ట్రాన్స్‌ఫార్మర్లు, అక్కడి దాకా 132 కిలోవోల్టుల లైను... అంతా డబ్బే. దూరం పెడితే డబ్బు మిగులుతుంది, రైలు మిగలదు. ఒకసారి కాంక్రీటు పోశాక ‘అయ్యో, పది కిలోమీటర్లు అవతల పెట్టాల్సింది’ అంటే కుదరదు. అందుకే ముందు కంప్యూటర్లో కడతారు.

కంప్యూటర్లు లేని రోజుల్లోనూ ఈ ఆరాటం ఉంది. 1929లో అమెరికాలోని ఎంఐటీలో ‘నెట్‌వర్క్ ఎనలైజర్’ అని ఒకటి తయారుచేశారు. ఒక పెద్ద విద్యుత్తు వ్యవస్థకు చిన్న సైజు బొమ్మ అది. అసలు లైన్లకు బదులు చిన్న చిన్న చుట్టలు, అసలు ఊళ్లకు బదులు చిన్న భారాలు. తీగలు మార్చి మార్చి గుచ్చి మీటర్లు చూసి రాసుకునేవారు. బొమ్మల పెళ్లి చేసి అసలు పెళ్లికి ఎన్ని విస్తళ్లు కావాలో తేల్చినట్టు. ఆ తర్వాత లెక్క కంప్యూటరుకు మారింది. 1990లలో స్విట్జర్లాండ్‌లోని జూరిచ్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో ‘ఓపెన్‌ట్రాక్’ అనే రైళ్ల రాకపోకల నమూనా రూపుదిద్దుకుంది. దానికి జతగా కరెంటు లెక్క చూసే ‘ఓపెన్‌పవర్‌నెట్’ వచ్చింది. అలాంటివి ఇప్పుడు ప్రపంచంలో చాలానే ఉన్నాయి. వాటి లెక్క నమ్మదగ్గదో కాదో తేల్చడానికే ఐరోపాలో ప్రత్యేకంగా ఓ ప్రమాణం కూడా పెట్టుకున్నారు.

నమూనాలో రెండు సగాలుంటాయి. మొదటి సగం రైలుది. బరువెంత, ఎక్కడ ఎత్తు, ఎక్కడ వంపు, ఎక్కడ ఆగాలి, ఎక్కడ ఎంత వేగం... ఇవన్నీ చెబితే ఏ సెకనులో ఎంత శక్తి కావాలో లెక్క వస్తుంది. మైదానంలో ఊపందుకున్న రైలుకు కావాల్సింది కొంచెమే. స్టేషన్ నుంచి కదిలి వేగం పుంజుకునేటప్పుడు, ఎత్తెక్కేటప్పుడు ఆకలి విజృంభిస్తుంది. రెండో సగం తీగది. సబ్‌స్టేషన్ బలమెంత, తీగ మందమెంత, పట్టాలు ఎంత కరెంటు మోస్తాయి, నేలలోకి ఎంత జారుతుంది... ఇవన్నీ.

రెండు సగాలనూ కలపడమే గొప్ప తంటా. తీగలో వోల్టేజీ ఎంతో తెలిస్తేగానీ ఇంజిను ఎంత గుంజుతుందో తెలియదు. ఇంజిను ఎంత గుంజుతుందో తెలిస్తేగానీ వోల్టేజీ ఎంతో తెలియదు. పెళ్లయితేగానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితేగానీ పెళ్లి కాదన్న సామెతే! కంప్యూటర్ దీనికో ఉపాయం చేస్తుంది. ముందు వోల్టేజీ 25 అని ఊహిస్తుంది. ఆ లెక్కన కరెంటు కడుతుంది. ఆ కరెంటుతో వోల్టేజీ మళ్లీ కడుతుంది. తేడా వస్తే దిద్దుకుంటుంది. మళ్లీ, మళ్లీ... రెండూ కుదిరేదాకా. కుదిరాక గడియారం ఒక్క సెకను ముందుకు జరుగుతుంది. రైళ్లన్నీ కొంచెం ముందుకెళ్తాయి. మళ్లీ మొదటి నుంచి. రోజుకు 86,400 సెకన్లు. తీగ మీద ఉన్న ప్రతి రైలుకూ ఇదే తంతు.

ఎంత తిప్పినా కుదరకపోతే? అదీ ఒక జవాబే. ‘ఈ తీగతో ఇన్ని రైళ్లు నడవవు’ అని కంప్యూటర్ చెప్పినట్టు. ఆ మాట తెర మీద వినిపించడం మంచిది. పట్టాల మీద వినిపిస్తే, నాలుగు రైళ్ల జనం నడిదారిలో ఉంటారు.

వెలిగొండ కింద 6.7 కిలోమీటర్లు

కోస్తా మార్గం చాలావరకు చదునుగా సాగుతుంది. పరీక్ష పెట్టేది పడమటి దారి. కృష్ణపట్నం రేవును రాయలసీమ వైపు కలపడానికి వెంకటాచలం నుంచి ఓబులవారిపల్లెకు కొత్త లైను వేశారు. అడ్డంగా వెలిగొండలు. చెర్లోపల్లి, రాపూరు స్టేషన్ల మధ్య కొండను తొలిచి దాదాపు 6.7 కిలోమీటర్ల సొరంగం కట్టారు. 2019 సెప్టెంబరు 1న నాటి ఉపరాష్ట్రపతి ఎం.వెంకయ్యనాయుడు దాన్ని జాతికి అంకితం చేశారు. విద్యుదీకరించిన రైలు సొరంగాల్లో అప్పటికి దేశంలోకెల్లా పొడవైనదిగా పేరు పొందింది.

ఆ సొరంగాన్ని గుర్రపు నాడా ఆకారంలో తొలిచారు. పట్టా నుంచి కప్పు దాకా ఎత్తు 6.5 మీటర్లు. తీగ కనీసం 5.2 మీటర్ల ఎత్తులో ఉండాలి. మిగిలింది 1.3 మీటర్లు. ఆ కాస్త జాగాలోనే తీగను పట్టి ఉంచే సరంజామా అంతా ఇమడాలి. 25 వేల వోల్టులకూ రాతి కప్పుకూ మధ్య గాలి ఖాళీ కూడా ఉండాలి. కొండ లోపల చెమ్మ ఎలాగూ ఉంటుంది. ఇలాంటి చోట తీగ ఎంత వేలాడుతుంది, రైలు దూసుకెళ్తుంటే ఎంత ఎగురుతుంది అన్నది కూడా ముందుగా లెక్కగట్టాల్సిన విషయమే.

ఈ దారిలో లెక్కకు ఇంకో ముచ్చట కూడా ఉంది. రేవులో దిగిన బొగ్గు కొండ వైపు ఎక్కాలి. అవతల ఓబులవారిపల్లె దగ్గరే మంగంపేట ముగ్గురాయి గనులు. ఆ సరుకు రేవుకు రావాలంటే కొండ దాటి సముద్రం వైపు దిగాలి. ఇప్పటి త్రీఫేజ్ ఇంజిన్లు వాలులో దిగేటప్పుడు బ్రేకు వేస్తే ఆ ఊపును కరెంటుగా మార్చి తీగలోకి తిరిగి పంపుతాయి. అంటే దిగే రైలు ఎక్కే రైలుకు చెయ్యందిస్తుంది. బావిలో రెండు బొక్కెనల గిలక లాగ. అయితే ఆ రెండూ ఒకే సమయంలో, ఒకే సబ్‌స్టేషన్ పరిధిలో ఉండాలి. లేకపోతే ఆ కరెంటు వెనక్కి గ్రిడ్‌లోకి పోతుంది. ఎప్పుడెప్పుడు కలుస్తాయో, ఎంత మిగులుతుందో టైంటేబులు పట్టుకుని చెప్పగలిగేది సిమ్యులేషనే.

ఒకటి ఆగిపోతే...?

అన్నీ సవ్యంగా ఉన్న రోజుకు లెక్క కట్టడం సులువు. నమూనా విలువ తెలిసేది చెడ్డ రోజున. అందుకే ఇంజినీర్లు తెర మీద కావాలనే ఒక సబ్‌స్టేషన్‌ను ఆపేస్తారు. దాని భాగాన్ని ఇరుగు పొరుగు సబ్‌స్టేషన్లు పంచుకోవాలి. ఇప్పుడు తీగ రెట్టింపు పొడవు, భారం రెట్టింపు. శివారు ఇంకా శివారైంది. అప్పుడు ఎన్ని రైళ్లను వదలొచ్చు? ఏ రైలును ముందు కదపాలి? మామూలుగా నడిచే వేగాన్ని ఎంతకు తగ్గించాలి? ఈ జవాబులు ముందే రాసుంటే, విపత్తు వచ్చిన రాత్రి కంట్రోల్ రూములో కూర్చున్న మనిషి వెతుక్కోవాల్సిన పని ఉండదు.

విపత్తులు ఈ తీరానికి కొత్త కాదు. 2021 నవంబరులో పెన్నా ఉప్పొంగి నెల్లూరు, పడుగుపాడు దగ్గర రైలు కట్టను కోసేసింది. విజయవాడ-చెన్నై దారి తెగింది. ఎన్నో రైళ్లు రద్దయ్యాయి, దారి మళ్లాయి. కట్ట తెగితే స్తంభం నిలవదు, స్తంభం లేకపోతే తీగ నిలవదు. అలాంటి రోజున తెగిన చోటుకు ఇటు భాగం ఇటు నుంచి, అటు భాగం అటు నుంచి బతకాలి. సాయం చేసే రైలు, పనివాళ్లను మోసే రైలు ఆ బతికిన తీగ మీదే రావాలి.

లెక్క తప్పితే ఏమవుతుందో స్విట్జర్లాండ్ చెబుతుంది. గడియారాల దేశం, రైళ్లు నిమిషం తప్పని దేశం. 2005 జూన్ 22 సాయంత్రం ఆ దేశంలో రైళ్లన్నీ ఎక్కడివక్కడ నిలిచిపోయాయి. దాదాపు రెండు లక్షల మంది ఇరుక్కుపోయారు. కారణం తుపాను కాదు, దాడి కాదు. ఆల్ప్స్ కొండల మీదుగా రైల్వే కరెంటు తెచ్చే మూడు లైన్లలో రెండింటిని పనుల కోసం ఆపారు. మిగిలిన ఒక్కటీ ఆ భారం మోస్తుందనుకున్నారు. మోయలేదు. అది తెగింది, దాంతో ఒకదాని తర్వాత ఒకటి. అక్కడ కరెంటు కొరత లేదు, యంత్రాలకు జబ్బు లేదు. ‘మోస్తుందిలే’ అన్న ఒక్క అంచనా తప్పింది.

అదే దేశంలో అంతకు పదేళ్ల ముందు, 1995లో, మరో వింత జరిగింది. జూరిచ్ పరిసరాల్లో కొత్త తరం ఇంజిన్లు ఉన్నట్టుండి వాటంతట అవే ఆగిపోయాయి. ఒక్కో ఇంజిను విడిగా చూస్తే భేషుగ్గా ఉంది. కానీ లోపలి ఎలక్ట్రానిక్స్ పుట్టించే సన్నని అలలు తీగలో ఒకదానికొకటి తోడై ఊగిపోయాయి. ఉయ్యాలను సరైన అదనులో తోస్తే ఎలా ఊగుతుందో అలా. అప్పటి నుంచి కొత్త ఇంజిను తెచ్చే ముందు ‘ఇది మా తీగతో సఖ్యంగా ఉంటుందా’ అని నమూనాలో చూసుకోవడం పరిపాటి అయింది. కోడలు మంచిదే, అత్తా మంచిదే... ఇద్దరూ ఒక ఇంట్లో ఎలా ఉంటారన్నది వేరే ప్రశ్న కదా!

మనకూ ఒక హెచ్చరిక ఉంది. 2012 జులై 30, 31 తేదీల్లో ఉత్తరాది గ్రిడ్ కుప్పకూలింది. రెండోరోజు తూర్పు, ఈశాన్య ప్రాంతాలూ చీకటయ్యాయి. వందల రైళ్లు నిలిచిపోయాయి. దక్షిణాది తప్పించుకుంది. కారణం, అప్పటికి దక్షిణ గ్రిడ్ మిగతా దేశంతో నేరుగా కలవలేదు. గాజువాక లాంటి చోట్ల డీసీ కేంద్రాల ద్వారా మాత్రమే ఇచ్చిపుచ్చుకునేది. 2013 డిసెంబరు 31న రాయచూరు-షోలాపూర్ లైనుతో దక్షిణం కూడా కలిసింది. ఒకే దేశం, ఒకే గ్రిడ్. కష్టకాలంలో సాయం దొరుకుతుంది, కష్టమూ పంచుకోవాల్సి వస్తుంది. నెల్లూరు తీరంలో నేలటూరు దగ్గర దామోదరం సంజీవయ్య థర్మల్ కేంద్రంలో 800 మెగావాట్ల యూనిట్లు మూడున్నాయి. కరెంటు పుట్టే చోటే ఉన్నాం కదా అని ధీమాగా ఉండటానికి లేదు. ఆ కేంద్రం పక్కనుంచి వెళ్లే రైలు కూడా తన సబ్‌స్టేషన్‌కు ఎంత దూరంలో ఉందన్న దాని మీదే ఆధారపడుతుంది.

ఉప్పు గాలికి లెక్కుందా?

నమూనాకు తెలియనివి చాలా ఉన్నాయి. ముఖ్యంగా ఈ తీరంలో. సముద్రం మీంచి వచ్చే గాలి ఉప్పును మోసుకొస్తుంది. తీగను స్తంభానికి తగలకుండా పట్టి ఉంచే పింగాణీ ఇన్సులేటర్ల మీద ఆ ఉప్పు, దుమ్ము పొరలా పేరుకుంటాయి. ఎండలో ఏమీ కాదు. తెల్లవారుజామున మంచు పడి ఆ పొర తడిస్తే మాత్రం, ఉప్పునీళ్లు పూసినట్టే. కరెంటుకు దారి దొరుకుతుంది. ఒక్క మెరుపు, పెద్ద శబ్దం, లైను ట్రిప్పు. ఈశాన్య రుతుపవనాల వానలు కడిగిపెట్టిన ఇన్సులేటరు, వానలు ఆగిన తర్వాత వచ్చే పొడి నెలల్లో మళ్లీ మురికి పడుతుంది. అందుకే ఇలాంటి చోట్ల గజ్జెల్లా మడతలు ఎక్కువున్న పొడుగాటి ఇన్సులేటర్లు వాడతారు. క్రమం తప్పకుండా తుడుస్తారు.

తుడిచేది ఎవరు? టవర్ వ్యాగన్ ఎక్కి, లైను ఆపిన గంటో రెండు గంటలో వ్యవధిలో పని ముగించే ఓహెచ్‌ఈ సిబ్బంది. నిచ్చెనలు, గుడ్డలు, టార్చిలైట్లు. తీగ నిజంగా చచ్చిందో లేదో చూసి, నేలకు కట్టి, అప్పుడు చెయ్యి వేయాలి. కాకి గూడులో ఇనుప తీగ ముక్క, గాలిపటం దారం, తీగ మీదికి ఒరిగిన కొమ్మ... లైను ఆగడానికి ఇవి చాలు. అవేవీ కంప్యూటర్ తెర మీద కనిపించవు.

అందుకే నమూనాను గుడ్డిగా నమ్మకూడదని అనుభవజ్ఞులు చెబుతారు. ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమన్నట్టుగా, తప్పు అంకె ఇస్తే కంప్యూటర్ దాన్నే నిజమనుకుని నాలుగు దశాంశాల దాకా లెక్క తేల్చి చూపిస్తుంది. తెర మీద గీతలు అందంగా ఉంటాయి. తీగ అరిగి సన్నబడిందని, ఒకచోట జాయింటు వేడెక్కుతోందని, సబ్‌స్టేషన్‌కు వచ్చే లైను అనుకున్నంత బలంగా లేదని దానికి ఎవరో ఒకరు చెప్పాలి. కొలవాలి, రాయాలి, పంపాలి. నిజం రైలులో మీటరు పెట్టి నడిపి, తెర మీద గీతనూ మీటరు గీతనూ పక్కపక్కన పెట్టి చూడాలి. రెండూ కలిసిన రోజునే ఆ నమూనాకు నోరు విప్పే అర్హత.

రెండు పాతికలు యాభై

రైళ్లు పెరుగుతున్నాయి. విజయవాడ-గూడూరు మధ్య మూడో లైను దశలవారీగా అందుబాటులోకి వచ్చింది. సికింద్రాబాద్-తిరుపతి వందేభారత్ 2023 ఏప్రిల్‌లో మొదలై నెల్లూరు మీదుగా పోతోంది. దేశంలో 12,000 హార్స్‌పవర్ గూడ్సు ఇంజిన్లు కూడా వచ్చేశాయి. 2025 నాటికి బ్రాడ్‌గేజ్ మార్గాల్లో 98 శాతానికి పైగా విద్యుదీకరణ పూర్తయింది. తీగ వేయడం అయిపోవచ్చింది. ఇకపై ప్రశ్న, ఆ తీగ ఎంత మోయగలదన్నదే.

దానికి రైల్వే ప్రధాన మార్గాల్లో ఎంచుకుంటున్న మందు ‘రెండు పాతిక’ల పద్ధతి. రైలు పైన ఉన్న తీగకు తోడు స్తంభాల వెంబడి ఇంకో తీగ. రెంటికీ మధ్య 50 కిలోవోల్టులు. పది పదిహేను కిలోమీటర్లకో ఆటో ట్రాన్స్‌ఫార్మర్. వోల్టేజీ రెట్టింపు కాబట్టి అదే శక్తికి సగం కరెంటు చాలు. రైలుకు మాత్రం ఎప్పటిలాగే పాతికే అందుతుంది. సబ్‌స్టేషన్ల మధ్య దూరం పెంచొచ్చు, శివారుకు నీళ్లు అందుతాయి. మన దేశంలో ఈ పద్ధతి 1990లలోనే మధ్యప్రదేశ్ బొగ్గు మార్గం బీనా-కట్నీ వైపు మొదలైంది. అయితే ఇది కొంచెం మెలిక ఉన్న వ్యవస్థ. కరెంటు ఏ దారిన ఎంత పోతుందో చేత్తో లెక్క కట్టడం గగనం. నమూనా లేకుండా దీని జోలికి వెళ్లలేరు.

ఖర్చు లెక్క కూడా చిన్నది కాదు. రైల్వే కరెంటు బిల్లులో వాడిన యూనిట్లే కాదు, ఒక్కసారిగా ఎంత ఎక్కువ గుంజిందన్న దానికీ ఛార్జీ ఉంటుంది. నాలుగు గూడ్సులు ఒకే నిమిషంలో కదిలితే ఆ ముల్లు పైకి లేస్తుంది. రెండు నిమిషాల ఎడం ఇస్తే అది తగ్గుతుందా, ఆ రెండు నిమిషాలకు వెనక రైళ్లు ఎంత ఆలస్యమవుతాయి అన్నవి తెర మీద వందసార్లు ఆడించి చూడొచ్చు. పట్టాల మీద ఒక్కసారి ఆడించాలన్నా కష్టమే.

చెన్నై ఆస్పత్రికి బయల్దేరిన రోగికి, పరీక్షకు వెళ్లే పిల్లకు, రొయ్యల పెట్టెలు పంపే వ్యాపారికి ఇవేవీ తెలియనక్కర్లేదు. వాళ్లకు కావలసింది రైలు రావడం, కదలడం, చేరడం. ఆ మూడింటి వెనకా ఇద్దరు మనుషులున్నారు. చల్లటి గదిలో తెర ముందు కూర్చుని ఉత్తుత్తి రైళ్లను నడిపి, ఎక్కడ ఆగిపోతాయో ముందే వెతికేవాడు ఒకడు. తెల్లవారుజామున ఉప్పు పట్టిన ఇన్సులేటర్‌ను గుడ్డతో తుడిచి, చూసింది చూసినట్టు పుస్తకంలో రాసేవాడు ఇంకొకడు. మొదటివాడి లెక్క ఎంత గొప్పదైనా, రెండోవాడు రాసిన అంకె నిజమైతేనే అది నిలుస్తుంది.